సామాజిక మాధ్యమాలు – గోప్యతా రక్షణ : ఒక పరిశీలన

మానవుడు సంఘజీవి అన్న మాట మనమందరం చిన్ననాటి నుండి చదువుకుంటున్నదే. పదిమందితో కలసిమెలసి బ్రతకటంలోనే అతని వికాసం ఉన్నది. అయితే పదిమందిలో మెలగే మనిషికి ఆ పదిమంది చూపు సోకని తావు ఒకటి ఉండటం కూడా అంతే అవసరం. అందుకే ఎంత చిన్న ఇంటికైనా ఒక తలుపు ఉంటుంది. తలుపు పెట్టుకునే స్తోమత లేని ఇంటికి గోనెపట్టాతో కుట్టిన పరదా అయినా వ్రేలాడుతుంది. ఆ పరదా ఇంటిలోనివారిని బంధించటానికి కాదు. ఎవరిని లోపలికి పిలవాలో నిర్ణయించుకునే అధికారం ఇంటివారిదేనని వీధికి తెలియజెప్పటానికి.

నేడు మన విద్యార్థినీ విద్యార్థుల చేతులలోని ఫోను కూడా అటువంటి ఇల్లే. కుటుంబ సభ్యుల ఫోటోలు, స్నేహితుల కబుర్లు, హాల్ టికెట్లు, బ్యాంకు వివరాలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అనేవి ఆ ఇంటికి వీధివైపు తెరుచుకునే వాకిళ్లు. ఆ వాకిళ్లకు తలుపులు లేకపోలేదు. వాటినే 'ప్రైవసీ సెట్టింగ్స్' అంటున్నారు. తలుపు ఉండి కూడా అది తెరచి ఉన్నదో, మూసి ఉన్నదో ఎరుగని స్థితిలో మనలో పలువురు ఉన్నారు. ఆ తలుపులను గురించి మాకు తెలిసినంత మేరకు వివరించటమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. తెలుగు పాఠం చెప్పేవారికి ఈ విషయంతో ఏమి పని అని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఆ సందేహానికి సమాధానం ఈ వ్యాసంలోనే ముందు రాగలదు.

గోప్యత అనగా ఏమి?

'ప్రైవసీ' అనే ఆంగ్లపదానికి తెలుగులో గోప్యత, ఏకాంతత, ఆంతరంగికత వంటి పదాలను వాడుతున్నారు. వీటిలో 'గోప్యత' అనే పదం గమనింపదగినది. దానికి మూలమైన 'గుప్' అనే సంస్కృత ధాతువుకు రక్షించటం అని అర్థం. కనుక గోప్యత అంటే కేవలం దాచిపెట్టటం కాదు, కాపాడుకోవటం. తప్పు చేసినవాడికే దాపరికం కావాలి, మంచివాడికి ఎందుకు అని వాదించేవారు ఈ భేదాన్ని విస్మరిస్తున్నారు. స్నానాల గదికి గడియ పెట్టుకునేవాడు తప్పు చేస్తున్నాడని ఎవరూ అనరు కదా! తెలుగువారు దీనినే 'గుట్టు' అన్నారు. గుట్టుగా బ్రతకటం మన పెద్దల దృష్టిలో గౌరవంగా బ్రతకటమే. ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెత అందరూ ఎరిగినదే.

మన రాజ్యాంగం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. కర్ణాటక ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి పొందిన పుట్టస్వామిగారు ఆధార్ విషయమై 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెబుతూ, గోప్యత ప్రాథమిక హక్కు అనీ, 21వ అధికరణం హామీ ఇచ్చే జీవించే హక్కులో అది అంతర్భాగమనీ ఏకగ్రీవంగా ప్రకటించింది. అయితే హక్కు ఉండటం వేరు, దానిని వినియోగించుకోవటం వేరు. ఓటు హక్కు ఉన్నవాడు పోలింగు కేంద్రానికి వెళ్లకపోతే ఆ హక్కు వలన ప్రయోజనం ఏమున్నది?

తెరచి ఉంచిన తలుపు

ఫేస్‌బుక్ 2004 ఫిబ్రవరిలో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఆరంభమైనది. అక్కడి విద్యాసంస్థలలో విద్యార్థుల పేర్లు, ఫోటోలు ముద్రించి పంచిపెట్టే పుస్తకాలను 'ఫేస్ బుక్' అని పిలిచేవారు. ఈ సంస్థకు ఆ పేరు అలా వచ్చినదే. మొదట అది ఆ కళాశాలవారికి మాత్రమే పరిమితమైనది. తరువాత ఇతర కళాశాలలకు విస్తరించి, 2006 సెప్టెంబరు నాటికి పదమూడేండ్లు నిండిన వారందరికీ అందుబాటులోకి వచ్చినది. నాలుగు గోడల నడుమ పుట్టిన పుస్తకం నడివీధిలోనికి వచ్చినదన్నమాట.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. మనం కొత్తగా ఖాతా తెరచినప్పుడు ఆ తలుపులు ఎంతవరకు తెరచి ఉండాలో ముందుగా నిర్ణయించేది మనం కాదు, ఆ సంస్థ. 2009 డిసెంబరులో ఫేస్‌బుక్ తన నిబంధనలను మార్చి, అంతవరకు కొందరికే కనబడిన వివరాలలో కొన్నింటిని అందరికీ కనబడేటట్లు చేసినది. దానిపై అమెరికా ప్రభుత్వ వ్యాపార సంఘం అభియోగాలు మోపగా 2011లో ఫేస్‌బుక్ రాజీకి వచ్చినది. కొత్తగా చేరేవారి రాతలు 'పబ్లిక్'గా కాక 'ఫ్రెండ్స్'కు మాత్రమే కనబడేటట్లు మొదటి అమరికను మార్చటానికి 2014 మే నెల వరకు ఆగవలసి వచ్చినది. ఇది ఎందుకు జరిగినదో ఊహించటం కష్టం కాదు. ఎక్కువమంది చూస్తే ఎక్కువమంది వస్తారు. ఎక్కువమంది వస్తే ప్రకటనల రాబడి పెరుగుతుంది. వర్తకుడు తన లాభాన్ని చూచుకొని తలుపు తెరచి ఉంచితే, ఇంటివాడు తన క్షేమాన్ని చూచుకొని దానిని మూసుకోవాలి.

మా అనుభవం

ఈ విషయం మాకు పుస్తకాల వలన తెలియలేదు. మేము చేసిన పొరపాటు వలన తెలిసినది. అధ్యాపక వృత్తిలో చేరిన తొలి రోజులలో, 2019 మార్చిలో, చివరి సంవత్సరం విద్యార్థులు వీడ్కోలు సభ జరుపుకున్నారు. ఆనాటి బృంద చిత్రాన్ని మేము మా ఫేస్‌బుక్ ఖాతాలో ఉంచి, అందరి పేర్లూ వరుసగా వ్రాశాము. అది విద్యార్థులపట్ల ప్రేమతో చేసిన పనే. మా పేరు క్రింద ఒక చిన్న భూగోళం బొమ్మ ఉన్నది. ఆ బొమ్మకు 'లోకమంతా చూడవచ్చును' అని అర్థమన్న సంగతి మేము గమనించలేదు.

పది రోజులు గడవకముందే ఒక విద్యార్థిని తండ్రి కళాశాలకు వచ్చారు. ఆయన ఆటో నడుపుకొని పిల్లలను చదివించుకుంటున్న మనిషి. ఎవరో ఆ చిత్రం నుండి ఆమె ముఖాన్ని మాత్రం కత్తిరించి, ఆమె పేరుతోనే ఒక దొంగ ఖాతా తెరచి, బంధువులకూ అపరిచితులకూ అసభ్యమైన సందేశాలు పంపుతున్నారు. ఆయన కోపగించుకోలేదు. "మా బిడ్డ ఎన్నడూ ఫోటో పెట్టలేదు సార్. వీధిలోకి ఎట్లా పోయింది?" అని మాత్రం అడిగారు. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు ఉన్నది గాని, దానిని పలుకుటకు నోరు రాలేదు.

చిత్రాన్ని వెంటనే తొలగించాము. కాని దొంగ చేతికి చిక్కిన ప్రతి తొలగిపోదు కదా! సహాధ్యాపకులమూ విద్యార్థులమూ కలసి ఆ దొంగ ఖాతాపై ఫేస్‌బుక్ సంస్థకు ఫిర్యాదులు పంపగా మూడవ రోజున అది రద్దయినది. అంతకన్నా కష్టమైన పని మరొకటి మిగిలినది. ఆ అమ్మాయి చదువు ఇక చాలునని ఇంటిలో నిర్ణయించారు. మేము ఉర్దూ శాఖలోని పెద్దవారిని వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్లి, తప్పు అమ్మాయిది కాదనీ, మాదనీ తల్లిదండ్రుల ముందు ఒప్పుకున్నాము. ఆమె పరీక్షలు వ్రాసినది. తరువాత బి.ఇడి. కూడా పూర్తిచేసినది. కాని ఆ పది రోజులలో మా అజాగ్రత్త వలన ఒక ఆడపిల్ల చదువు ఆగిపోవటానికి ఎంత దగ్గరగా వచ్చినదో మేము ఈనాటికీ మరువలేదు. తెలుగు అధ్యాపకులు ఈ వ్యాసం ఎందుకు వ్రాస్తున్నారన్న సందేహానికి ఇదే మా సమాధానం.

ఆచరణలో చేయదగినవి

సెట్టింగులు అనేకం ఉన్నా, అవన్నీ మూడు ప్రశ్నలకు జవాబులే. నన్ను ఎవరు చూడవచ్చును? నన్ను ఎవరు వెదికి పట్టుకోవచ్చును? నన్ను ఎవరు ఎక్కడికి లాగవచ్చును? ఈ మూడు ప్రశ్నలు గుర్తుంచుకుంటే పేర్లు మారినా, బొమ్మలు మారినా దారి తప్పము.

మొదట వాట్సాప్‌ను తీసుకుందాం. అందులో 'సెట్టింగ్స్'లోని 'ప్రైవసీ' అనే భాగాన్ని తెరవాలి. లాస్ట్ సీన్, ప్రొఫైల్ ఫోటో, అబౌట్, స్టేటస్, గ్రూప్స్ అనే అంశాలు వరుసగా కనబడతాయి. ప్రొఫైల్ ఫోటో వద్ద 'ఎవ్రీవన్' అని ఉంటే మన నంబరు తెలిసిన ఏ అపరిచితుడైనా మన ముఖాన్ని చూడగలడు. దానిని 'మై కాంటాక్ట్స్'గా మార్చుకోవాలి. అయితే కాంటాక్ట్స్ అనగా ఆప్తులు అని భ్రమపడరాదు. గ్యాస్ సిలిండరు తెచ్చే అతని నంబరు, సెల్ రీచార్జి దుకాణం నంబరు, ఒకసారి ఎక్కిన ఆటో నంబరు కూడా మన ఫోనులో ఉంటే వారందరూ కాంటాక్ట్సే. కొందరిని మినహాయించటానికి 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' అనే సౌకర్యం ఉన్నది.

'గ్రూప్స్' అనే అంశం మూడవ ప్రశ్నకు సంబంధించినది. పూర్వం మన నంబరు తెలిసిన ఎవరైనా మనల్ని ఏ గ్రూపులోనైనా చేర్చగలిగేవారు. గ్రూపులో చేరిన మరుక్షణం అందులోని అపరిచితులందరికీ మన నంబరు తెలిసిపోతుంది. 2019 ఏప్రిల్ నుండి మనల్ని ఎవరు చేర్చవచ్చునో మనమే నిర్ణయించుకునే వీలు కల్పించారు. దీనితోపాటు 'టూ స్టెప్ వెరిఫికేషన్' అనే ఆరు అంకెల రహస్య సంఖ్యను పెట్టుకోవాలి. 'లింక్‌డ్ డివైసెస్' అనేచోట మనకు తెలియని కంప్యూటరు ఏదైనా మన ఖాతాతో ముడిపడి ఉన్నదేమో అప్పుడప్పుడు చూచుకోవాలి. నెట్ సెంటరులో వాట్సాప్ తెరచి, మూయటం మరచి వచ్చేవారికి ఇది చాలా అవసరం.

ఇక ఇన్‌స్టాగ్రామ్. అందులో ఖాతా 'పబ్లిక్' అయినచో మన చిత్రాలను ఎవరైనా చూడవచ్చును. 'ప్రైవేట్ అకౌంట్' అని మార్చుకుంటే మనం అనుమతించిన వారే చూడగలరు. అయితే మార్చుకోకముందే అనుచరులుగా చేరినవారు అలాగే ఉండిపోతారు. కనుక తలుపు వేసిన తరువాత ఇంటిలో ఎవరెవరు కూర్చొని ఉన్నారో ఒకసారి లెక్కచూచుకొని, తెలియనివారిని తొలగించాలి. పద్దెనిమిదేండ్లలోపు వారికి ఖాతాను మొదటి నుండే ప్రైవేటుగా ఉంచే 'టీన్ అకౌంట్' పద్ధతిని భారతదేశానికి వర్తింపజేస్తున్నట్లు 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ ప్రకటించినది. వయస్సు ఎక్కువ వేసి ఖాతా తెరచిన జూనియర్ విద్యార్థులు ఆ రక్షణను తామే పోగొట్టుకుంటున్నారని గ్రహించాలి.

ఫేస్‌బుక్‌లో మహిళల ఫోటోల దుర్వినియోగాన్ని దృష్టిలో ఉంచుకొని ప్రొఫైల్ చిత్రానికి కాపలా పెట్టే సౌకర్యాన్ని 2017 జూన్‌లోను, ప్రొఫైల్‌కు తాళం వేసే సౌకర్యాన్ని 2020 మేలోను మన దేశంలో ప్రవేశపెట్టారు. తాళం వేస్తే మిత్రులు కానివారికి మన రాతలు గాని, పూర్తి పరిమాణంలో మన చిత్రం గాని కనబడవు. పాత సంవత్సరాలలో 'పబ్లిక్'గా పెట్టినవాటిని ఒక్కసారిగా మిత్రులకు పరిమితం చేసే 'లిమిట్ పాస్ట్ పోస్ట్స్' అనే అంశం కూడా ఉన్నది.

రెండవ ప్రశ్న ఫోను నంబరుకు సంబంధించినది. నంబరు ద్వారా మనల్ని వెదికే అవకాశం ఎవరికి ఉండాలన్నది కూడా ఒక సెట్టింగే. దానిని చిన్నచూపు చూడరాదు. ఈ అవకాశాన్నే దుర్వినియోగం చేసి సేకరించిన 53 కోట్లకు పైగా ఖాతాదారుల వివరాలు 2021 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో బహిరంగమైనవి. వాటిలో మన దేశానికి చెందినవి సుమారు 60 లక్షలు. ఐర్లాండు దేశపు నియంత్రణ సంస్థ 2022 నవంబరులో ఆ కంపెనీకి 26.5 కోట్ల యూరోల జరిమానా విధించినది. జరిమానా చెల్లింపబడుతుంది గాని, లోకానికి తెలిసిపోయిన నంబరు మరల రహస్యం కాదు.

సెట్టింగుల పరిమితి

ఇంతవరకు చెప్పినవన్నీ చేసినంత మాత్రాన సంపూర్ణ రక్షణ లభిస్తుందని మేము చెప్పటం లేదు. తలుపు వీధిలోనివారిని ఆపుతుంది. లోపలికి పిలిచిన అతిథిని ఆపలేదు. మిత్రునికి పంపిన చిత్రాన్ని అతడు మరొకరికి పంపవచ్చును, తెర మీది బొమ్మను ఫోటోగా తీసుకోవచ్చును. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఈ కాలానికి అక్షరాలా వర్తిస్తుంది. కంపెనీ సంగతి కూడా ఇంతే. సెట్టింగులు మనల్ని ఇతరుల కన్నుల నుండి కాపాడవచ్చును గాని, కంపెనీ తన కన్నులు మూసుకోదు. మనం ఏమి చూస్తున్నామో, దేని వద్ద ఆగుతున్నామో అది గమనిస్తూనే ఉంటుంది.

మిత్రుని అజాగ్రత్త మన గోప్యతను ఎలా హరిస్తుందో తెలుసుకోవటానికి ఒక ఉదాహరణ చాలు. కేంబ్రిడ్జ్ ఎనలిటికా అనే సంస్థ ఒక ప్రశ్నావళి ద్వారా ఫేస్‌బుక్ ఖాతాదారుల వివరాలను సేకరించినట్లు 2018 మార్చిలో బయటపడినది. ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారమే మన దేశంలో ఆ ప్రశ్నావళిని స్వయంగా వాడినవారు 335 మంది మాత్రమే. కాని వారి మిత్రులుగా ఉన్న కారణంగా వివరాలు పోగొట్టుకొని ఉండగల వారు 5 లక్షల 62 వేల మంది. ఆ లక్షలమందిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. వారు తెలిసినవారి చేతిలో ఉన్నారు, అంతే. అటువంటి దారిని ఫేస్‌బుక్ తరువాత మూసివేసినది గాని, అందులోని పాఠం నేటికీ పాతబడలేదు. గోప్యత ఒంటరిగా కాపాడుకోగలిగినది కాదు. అది ఒకరి చేతిలో ఒకరు ఉంచుకున్న అమానతు.

అపరాధం ఎవరిది?

2021 జూలైలోను, మరల 2022 జనవరి ఒకటవ తేదీనాడును, ముస్లిం మహిళల ఫోటోలను వారి సామాజిక మాధ్యమ ఖాతాల నుండి దొంగిలించి, వారిని 'వేలం' వేస్తున్నట్లు ఇంటర్నెట్‌లో ప్రదర్శించిన హీనమైన సంఘటనలు జరిగినవి. వారిలో పత్రికా రచయిత్రులు, విద్యార్థినులు, సామాజిక కార్యకర్తలు ఉన్నారు. మన హైదరాబాదుకు చెందిన ఒక వయోవృద్ధురాలు కూడా ఉన్నారు. 2022 జనవరిలో నిందితులను పోలీసులు నిర్బంధించారు. వారిలో కొందరు కళాశాలలలో చదువుకుంటున్న యువకులే కావటం అధ్యాపకులందరూ తలవంచుకోదగిన విషయం.

ఈ సంఘటనల తరువాత ఆడపిల్లలకు ఫోనులే వద్దనీ, ఫోటోలే వద్దనీ పలికినవారు ఉన్నారు. మేము వారితో ఏకీభవించము. దొంగ పడినాడని ఇంటివారిని ఊరి నుండి వెళ్లగొట్టరు కదా! ఫోటో పెట్టుకున్న స్త్రీ ఏ నేరమూ చేయలేదు. నేరం దొంగిలించినవాడిది. సెట్టింగు అనేది తాళం వంటిది. తాళం వేసుకోవటం వివేకం. అయితే తాళం వేయనివారి సొత్తు దొంగకు చెందదు.

కనుక బాధ కలిగినప్పుడు దాచుకోరాదు. మొదట ఆ పేజీని ఫోటోగా తీసి, దాని చిరునామాతో సహా భద్రపరచాలి. తరువాత 'రిపోర్ట్' అనే మీట ద్వారా ఆ సంస్థకు ఫిర్యాదు చేయాలి. సాక్ష్యాన్ని భద్రపరచక ముందే తొలగింపజేయటం వలన తరువాత నిరూపించటం కష్టమవుతుంది. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలకు, బాలలకు సంబంధించిన ఫిర్యాదులను పేరు చెప్పకుండా కూడా చేయవచ్చును. డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. తెలంగాణలో 2014 అక్టోబరు నుండి షీ టీములు పనిచేస్తున్నవి. సమాచార సాంకేతిక చట్టంలోని 66-డి సెక్షను కంప్యూటరు సాధనంగా మరొకరిగా నటించి మోసగించినవారికి, 66-ఇ సెక్షను ఒకరి దేహభాగాల ఏకాంత చిత్రాలను అనుమతి లేకుండా తీసినా, ప్రచురించినా అట్టివారికి మూడేండ్ల వరకు శిక్ష విధించవచ్చునని చెబుతున్నవి. అన్నింటికన్నా ముందు ఇంటిలో ఒకరితోనైనా, కళాశాలలో ఒక అధ్యాపకురాలితోనైనా చెప్పుకోవాలి. బెదిరించేవాడి బలమంతా మన మౌనంలోనే ఉన్నది.

ముగింపు

ప్రియమైన విద్యార్థులారా! పరాయి ఇంటిలోనికి అనుమతి అడగనిదే, సలాము చేయనిదే ప్రవేశించరాదని దివ్య ఖురాన్‌లోని నూర్ అధ్యాయం బోధిస్తున్నది. వాకిట నిలిచి, పిలిచి, లోపలి నుండి మాట వచ్చిన తరువాతనే గడప దాటటం మన పల్లెలలో అన్ని మతాలవారి మర్యాద. మిత్రుని చిత్రాన్ని మన ఖాతాలో ఉంచేముందు ఆ మర్యాదనే పాటించాలి. "ఇది పెట్టవచ్చునా?" అన్న ఒక్క ప్రశ్న మేము ఆనాడు అడిగి ఉంటే ఆ తండ్రి మా ఎదుట నిలబడవలసి వచ్చేది కాదు.

ఈ సంచిక మీ చేతికి అందిన రోజున ఒక అరగంట కేటాయించండి. పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేసుకొని మీ ఫోనులోని తలుపులు ఒక్కొక్కటిగా చూచుకోండి. హాల్ టికెట్టు, మార్కుల జాబితా వంటివి స్టేటస్‌గా పెట్టి ఉంటే తొలగించండి. వాటిమీద మీ పుట్టిన తేదీ ఉంటుంది. తరువాత మీ అమ్మగారి ఫోను, నాయనమ్మగారి ఫోను అడిగి తీసుకొని, ఏమి చేస్తున్నారో వారికి చెప్పి, వారి ఎదుటనే వాటిని సరిచేయండి. అక్షరం రాని పెద్దలకు ఉత్తరం చదివిపెట్టటం ఒకనాడు చదువుకున్న పిల్లల కర్తవ్యంగా ఉండేది. ఈనాడు వారి వాకిలికి తలుపు వేసిపెట్టటం కూడా అటువంటి కర్తవ్యమే.

ఇక నుండి మా కళాశాల సభలలో చిత్రం తీసిన తరువాత దానిని ఎక్కడైనా ఉంచేముందు అందులోని ప్రతి ఒక్కరి అనుమతి అడగాలని మేము ఒక నియమం పెట్టుకున్నాము. వద్దని ఒక్కరు అన్నా ఆ చిత్రం మా వద్దనే ఉండిపోతుంది. కారణం మాత్రం అడగము.